పచ్చి పంతం

మా దేశంలో బయల్దేరిన మనిషిని ‘ఎక్కడికి?’ అని అడగరు. మీ వైపూ అడగకూడదంటారని విన్నాను. కానీ మీరు అడిగేసి నాలిక కరుచుకుంటారు, మేం అంతదాకా కూడా రానివ్వం. మా ముత్తాతలు భీమిలి రేవులో ఓడ ఎక్కుతుంటే ఎవరో ముసలమ్మ ‘ఎక్కడికి నాయనా?’ అందట. ‘చెరకు కోతకి, ఆర్నెల్లలో వచ్చేస్తాం’ అన్నారట. ఇప్పటిదాకా తిరిగి వెళ్ళలేదు. అందుకని మా పెనుదీవిలో ఆ ప్రశ్న బూతుమాటతో సమానం. పెళ్ళికి వెళ్తున్నవాణ్ణీ అడగం, ఆస్పత్రికి వెళ్తున్నవాణ్ణీ అడగం, వ్యాపారం పెట్టబోయేవాణ్ణి అసలే అడగం. ఈ ఒక్క ముక్క గుర్తుపెట్టుకుంటే జరిగినదంతా మీకు అర్థమవుతుంది. నాకు మాత్రం ఇప్పటికీ సగమే అర్థమైంది.

పేరులో తప్ప ఎక్కడా పెద్దతనం లేని దేశం మాది. ఒక ఒడ్డున తుమ్మితే రెండో ఒడ్డున ‘చిరంజీవ’ అంటారు. జెండా ఉంది, జాతీయగీతం ఉంది, ఐక్యరాజ్యసమితిలో ఒక కుర్చీ ఉంది. ఆ కుర్చీలో కూర్చునే ఆయన మా వీధి చివరింటాయనే. చక్కెర మిల్లు నడిచినన్నాళ్ళూ సగంమంది మిల్లు ఉద్యోగులు, మిగతా సగం ప్రభుత్వోద్యోగులు. మిల్లు మూతపడగానే మంత్రిగారికి హఠాత్తుగా వ్యాపారం మీద ప్రేమ పుట్టుకొచ్చింది. ‘ఇంటికొక వ్యాపారి’ అన్నారు. సభలు పెట్టారు. జనం వచ్చి, ఉపన్యాసాలు విని, పులిహోర తిని, ‘మరి ఉద్యోగాలెప్పుడిత్తారు బాబూ?’ అని అడిగి వెళ్ళిపోయారు.

నేను పనిచేసేది నరాల ప్రయోగశాలలో. పక్షవాతం వచ్చి చెంచా పట్టుకోవడం మర్చిపోయినవాళ్ళకి మళ్ళీ నేర్పడం మా పని. బోర్లించిన బుట్టలాంటి యంత్రం ఒకటుంది, అందరూ దాన్ని బుట్ట అనే అంటారు. చెంచా బాగా పట్టుకోగలిగిన మనిషి తలమీద బుట్ట పెట్టి, చెంచా పట్టుకున్నట్టు తలుచుకోమంటాం. ఆ తలపు మెదడులో ఏ దారిన పోయిందో బుట్ట పట్టేస్తుంది. తర్వాత రోగి తలమీద బుట్ట పెడితే అదే దారి అక్కడా వేస్తుంది. నాలుగైదు సార్లు కూర్చుంటే చెంచా నోటిదాకా వస్తుంది.

మా డైరెక్టరు జోగారావుగారికి ఒకరోజు టీ తాగుతుండగా మెరుపు మెరిసింది.

“చెంచా అతికించగలిగినప్పుడు చొరవ ఎందుకు అతికించలేమమ్మా భూలక్ష్మీ?”

మంత్రిగారు ఎగిరి గంతేశారు. ఇక కావలసింది ఒక దాత. ఎవరి సాయమూ లేకుండా సొంతంగా వ్యాపారం పెట్టి నిలబెట్టినవాళ్ళు కావాలి. దేశమంతా గాలిస్తే ఒక్కరే తేలారు. మా అమ్మ.

అమ్మ పేరు నూకాలు. దీవి ఉత్తరపు కొసన కొబ్బరిపీచు తాళ్ళ ఫ్యాక్టరీ ఆవిడది. రెండొందలమంది ఆడవాళ్ళు పనిచేస్తారక్కడ. మా నాన్న పోయినప్పుడు నేను చంకలో పిల్లనట. ఒంటిచేత్తో పురిపెట్టి, ఆ తాళ్ళు నెత్తిన పెట్టుకుని పడవవాళ్ళకి అమ్మి అంత చేసింది. ఎందుకు మొదలుపెట్టిందో ఎవరికీ తెలీదు. ఎవరూ అడగలేదు కదా.

బుట్ట సంగతి చెప్తే అమ్మ మొహం చిట్లించింది.

“నాదొద్దులెండి బాబూ. నాది మంచి సరుకు కాదు.”

“మీ వినయమే చెప్తోంది నూకాలమ్మగారూ, మీరే సరైనవారని!” అన్నారు జోగారావుగారు. ఆయనకి మంత్రిగారి ఫోన్లు రోజూ వస్తున్నాయి.

చివరికి కూర్చుంది. బుట్ట నేనే పెట్టాను. “అమ్మా, ఈ పని మొదలెట్టాలని నువ్వు నిశ్చయించుకున్న రోజు తలుచుకో. ఆ క్షణమే తలుచుకో,” అన్నాను. కళ్ళు మూసుకుంది. తెర మీద గీతలు మామూలుగా పాకుతున్నవి ఒక్కసారి భగ్గుమన్నాయి. ఇన్నేళ్ళ అనుభవంలో అంత బలమైన తలపు నేను చూడలేదు. జోగారావుగారు వయసు మర్చిపోయి చిందేశారు. “ఇదే! చొరవంటే ఇదే!”

అమ్మ కళ్ళు తెరిచి, పమిటతో మొహం తుడుచుకుని, “ఇది ఎవులికి పెడతారు?” అంది.

“దేశానికమ్మా!”

“సూసి పెట్టండి,” అంటూ లేచి ఫ్యాక్టరీకి వెళ్ళిపోయింది.

నలభైమంది ముందుకొచ్చారు. మిల్లు గుమాస్తాలు, ఒక పోస్టుమాన్, ఒక నర్సు, సన్యాసినాయుడు మాస్టారని గుబురు మీసాల లెక్కల టీచరు. మొదటి వారానికే మనుషులు మారిపోయారు. కూర్చుంటే లేవనివాళ్ళు నిలబడి టీ తాగుతున్నారు. మాస్టారు రాజీనామా రాసిచ్చేశాడు. పోస్టుమాన్ దారిలో ఉత్తరాలు పంచుతూనే కొబ్బరిపీచు ఏరుకుంటున్నాడు. ఎందుకని నేను అడగలేదు. నేనూ ఈ దేశపు మనిషినే.

రెండు చిన్న తేడాలు కనిపించాయి. ఒకటి, అందరికీ చెవిలో ఎవరో నవ్వినట్టు వినబడుతోంది. మగగొంతు, పెద్ద నవ్వు. ‘తాత్కాలికం’ అన్నారు జోగారావుగారు. రెండోది నాకు సంబంధించింది. నేను గదిలోకి వస్తే అందరి కుడిచెయ్యీ నడుం దగ్గరికి పోయేది, పిల్లని చంకనెత్తుకున్నట్టు. మీసాల మాస్టారు ఒక మధ్యాహ్నం టిఫిన్ డబ్బా తెచ్చి నా బల్లమీద పెట్టాడు.

“బూలచ్చీ, తిన్నావేటే?”

బూలచ్చి నా అసలు పేరు కాదు, ముద్దుపేరు. చిన్నప్పుడెప్పుడో విన్నది. అమ్మ పనిలో పడ్డాక ఆ పేరు పిలవడం మానేసింది. తిన్నావా అని అడగడమూ మానేసింది, తినడానికి ఇంట్లో ఎప్పుడూ ఉండేది కాబట్టి. ముక్కూమొహం తెలీని మగాడు ఆ మాట అడిగితే నాకు ఏడుపొచ్చింది. కోపమూ వచ్చింది. ఏది ముందొచ్చిందో చెప్పలేను. డబ్బాలో చింతకాయ పప్పు ఉంది, మొత్తం తినేశాను.

మంత్రిగారు ప్రారంభోత్సవానికి ముహూర్తం పెట్టించారు. పెట్టుబడి ప్రభుత్వానిది. ఎవరు ఏం పెడుతున్నారో, ఎక్కడ పెడుతున్నారో ప్రభుత్వం అడగలేదు. శుభమా అని బయల్దేరేవాళ్ళని అడిగి నోరెవరు పాడుచేసుకుంటారు? ఆ నెలలో అమ్మ ఫ్యాక్టరీకి ఎన్నడూ లేనన్ని ఆర్డర్లొచ్చాయి. రాత్రింబవళ్ళు మనుషులు పనిచేశారు. ఆ తాళ్ళెక్కడికి పోతున్నాయో అమ్మా అడగలేదు.

ముహూర్తం రోజున మంత్రిగారు, మేళం, విలేకర్లు, మేమూ ఊరంతా తిరిగాం. ఎక్కడా కొత్త కొట్టు లేదు. చివరికి హార్బరు రోడ్డు మలుపు తిరగ్గానే కనబడ్డాయి. నలభై కొట్లూ వరసగా ఒకేచోట ఉన్నాయి. నలభైలోనూ తాళ్ళే. మోకులు, లంగరు తాళ్ళు, చేంతాళ్ళు గుమ్మాలకి వేలాడుతున్నాయి. రోడ్డుకి ఇవతల నలభై కొత్త కొట్లు, అవతల ఒక్కటే పాత కొట్టు. దానిమీద వెలిసిపోయిన అక్షరాలతో ‘గవరయ్య తాళ్ళ కొట్టు’ అని ఉంది.

గవరయ్య మా మేనమామ. అమ్మకి స్వయానా అన్నయ్య. వాళ్ళిద్దరికీ మాటల్లేవని తెలుసు. ఎందుకు లేవో తెలీదు. ఇంత చిన్న దేశంలో ఆయన ఎదురుపడితే నేను తలొంచుకుని పోయేదాన్ని, ఆయన గొంతు కూడా ఎప్పుడూ వినలేదు.

మంత్రిగారు కత్తెర పట్టుకుని ఏ రిబ్బను కత్తిరించాలో తెలీక ఇటూ అటూ చూస్తున్నారు. మావయ్య కొట్లోంచి బయటికొచ్చాడు. నలభై కొట్లనీ, ఆ తాళ్ళ తోరణాలనీ, మంత్రిగారి కత్తెరనీ చూశాడు. నడుంమీద చేతులు పెట్టుకుని పెద్దగా నవ్వాడు. ఎవరికైనా నవ్వే వస్తుంది మరి.

నలభైమందీ కొయ్యబారిపోయారు. నర్సు చెవులు మూసుకుంది. పోస్టుమాన్ పళ్ళు పటపట కొరికాడు. నెలరోజులుగా వాళ్ళ చెవుల్లో మోగుతున్న నవ్వు ఇప్పుడు ఎదురుగా నిలబడి నవ్వుతోందని వాళ్ళ మొహాలే చెప్పాయి. మేం దేశానికి అతికించినది చొరవ కాదు.

మర్నాటినుంచీ కొన్న ధరకంటే తక్కువకి అమ్మడం మొదలెట్టారు. తర్వాత ఊరికే ఇచ్చేశారు. లాభం వాళ్ళకక్కర్లేదు, ఎదుటి కొట్టు మూతపడితే చాలు. మంత్రిగారు ‘ఆరోగ్యకరమైన పోటీ’ అని ప్రకటన ఇచ్చారు. మావయ్య కొట్టు గడప ఎక్కినవాడు లేడు. పెళ్ళాం ఏనాడో పోయింది, పిల్లల్లేరు, ఆయనకున్నది ఆ కొట్టొక్కటే. అది పోతే ఆ మనిషి మిగలడని చూసినవాళ్ళందరికీ తెలుస్తూనే ఉంది.

నేను ఫ్యాక్టరీకి పరిగెత్తాను. తాళ్ళెక్కడికి పోతున్నాయో చెప్పగానే అమ్మ పీచుకుప్ప మీద కూలబడింది.

“సెప్పినాను గదే, నాది మంచి సరుకు కాదని.”

అప్పుడు చెప్పింది. నాన్న పోయాక నన్ను చంకనేసుకుని, తాతనుంచి మావయ్యకొచ్చిన పుట్టింటి కొట్టుకి వెళ్ళిందట. ‘అన్నా, నన్నూ గల్లా కాడ కూకోనీ, పని నేర్సుకుంటాను’ అందట. బేరానికొచ్చినవాళ్ళు పదిమంది ఉన్నారట. మావయ్య ఆవిణ్ణీ, చంకలో నన్నూ చూసి నవ్వాడట. మాట కూడా అనలేదట, నవ్వాడంతే. ‘నీ కొట్టుకెదురుగా కొట్టెట్టి నీ సేత మూయిత్తాను’ అని గుమ్మం దిగుతూ మనసులో ఒట్టేసుకుందట.

“మరి ఎందుకు పెట్టలేదమ్మా?”

“ముందు పురి నేర్సుకోవాల గదా. నేర్సుకునీసరికి పనిలో పడిపోనాను. పంతం లోపలే ఉండీది. రోజూ తెల్లారగట్ట అదే లేపీది. అయితే ఏటంటే, ఊరగాయలాగ ఊరి ఊరి కారం తగ్గిపోనాది. మీరేమో ఆ రోజుదే తీసి, పచ్చిది పచ్చిగా ఆళ్ళ నెత్తిన పెట్టీసినారు.”

అమ్మ ఆర్డర్లన్నీ ఆపేసింది. గోడకి కొట్టిన బంతిలా తిరిగొచ్చింది ఆ ఉపాయం. తాళ్ళు రాకపోయేసరికి నలభైమందీ రోడ్డుమీదే కూర్చుని చేత్తో పురిపెట్టడం మొదలెట్టారు. అలవాటులేని చేతులు చిట్లి పీచంతా ఎర్రబడింది. అన్నం మానేశారు. ఇళ్ళనుంచి పెళ్ళాలూ మొగుళ్ళూ వచ్చి పిలిస్తే ఎవరో అన్నట్టు చూశారు. నన్ను చూస్తే మాత్రం, “బూలచ్చీ, ఎండలో తిరక్కే,” అన్నారు.

జోగారావుగారు తలపట్టుకున్నారు. “బుట్ట పెట్టడమే గానీ తియ్యడం తెలీదమ్మా దానికి. చెంచా పట్టుకోవడం మళ్ళీ మర్చిపోతానని ఎవడడుగుతాడు? ఆ అవసరం వస్తుందనుకోలేదు.” కొరివితో తల గోక్కున్నట్టయింది మా పని.

ఇక మిగిలింది మావయ్య. జీవితంలో మొదటిసారి ఆయన కొట్టు మెట్లెక్కాను. గల్లాపెట్టె వెనకాల కూర్చుని ఖాళీ రోడ్డు చూస్తున్నాడు. జరిగిందంతా చెప్పాను.

“నానెప్పుడు నవ్వానే?”

“నవ్వావట మావయ్యా. పదిమంది ముందు.”

“ఏమో అమ్మీ. ఒట్టు, నాకు జ్ఞాపకం లేదు. నాను దేనికైనా నవ్వుతాను. అలగ పుట్టినాను. అదొచ్చి కూకుంటానని అడిగినట్టు గురుతే. నాను సమాదానం సెప్పేలోగా ఎల్లిపోనాది. ఎందుకెల్లిపోనాదో తెలక ఇన్నేళ్ళూ కొట్టుకున్నాను. దానికే పొగరనుకున్నాను.” గల్లాపెట్టె మూత తీసి మళ్ళీ వేశాడు. “నాకు గురుతులేని తప్పు నాను ఎలగ ఒప్పుకునీది? ఒప్పుకుంటే అబద్దమాడినట్టు గాదేటి?”

ఇద్దరం వెర్రిమొహాలేసుకుని రోడ్డు వైపు చూశాం. ఎదురుకొట్టు ముందు సన్యాసినాయుడు మాస్టారు పురిపెడుతూ పెడుతూ ఆగాడు. మావయ్యనే చూస్తున్నాడు. కళ్ళు నిండాయి. భుజంమీద లేని పమిటచెంగు లాక్కుని, గుబురుమీసాల కింద నోట్లో కుక్కుకుని, ఏడుపు బయటికి రాకుండా మింగుతున్నాడు.

ఊళ్ళోవాళ్ళెవరైనా చూస్తే నవ్వేవారు. దేనికైనా నవ్వే మావయ్య నవ్వలేదు.

“సిన్నప్పుడు అది అలాగే ఏడిసీది,” అన్నాడు. “ఎనకగదిలో మా అయ్య కొడితే, సప్పుడు రాకుండా.”

లేచి రోడ్డు దాటాడు. మాస్టారు ముందు నిలబడి, తనకంటే పదేళ్ళు చిన్నవాడైన ఆ మగమనిషి చిట్లిన చేతులు పట్టుకున్నాడు.

“సెల్లీ, నవ్వీసినాను. తప్పయిపోనాది. నా కాడ కూకోవాల్సింది నివ్వు.”

మాస్టారు వెక్కివెక్కి ఏడ్చాడు. ఏడుపు తగ్గాక చేతులవైపు చూసుకున్నాడు, తాడువైపు చూశాడు, నా వైపు చూశాడు. “మేడమ్, నేనిక్కడెందుకున్నానండీ?” అని అడిగాడు. బూలచ్చీ అన్న పిలుపు పోయింది. ఇంటికెళ్ళే దారి అతనికి నేనే చూపించాల్సి వచ్చింది.

ఒకరికి చెబితే నలభైమందికీ చెప్పినట్టు కాదు. నవ్వింది ఒక్కసారే అయినా అవమానపడింది నలభైమంది. మావయ్య ప్రతి కొట్టుముందూ ఆగాడు, నర్సు ముందూ, పోస్టుమాన్ ముందూ, నోట్లోంచి మాటే రాని మిల్లు గుమాస్తా ముందూ. ‘సెల్లీ’ అంటూ చేతులు పట్టుకున్నాడు. మొదట్లో గుర్తులేకుండా అన్న మాటలు పోనుపోను గుర్తుండి అన్నట్టే వినిపించాయి. నిజంగా గుర్తొచ్చిందో, అనగా అనగా నిజమైపోయిందో నాకు తెలీదు. ఆయనకీ తెలిసినట్టు లేదు. ఒక్కొక్కరే తేలికపడి, ఒక్కొక్కరే నన్ను మర్చిపోయి, కొట్టు వదిలేసి వెళ్ళిపోతున్నారు. తప్పుకుంటున్నది దేశపు ఆశ అని తెలుసు. నాకు మాత్రం తల్లులు పోతున్నారనే అనిపించింది. నన్ను తిన్నావా అని అడిగేవాళ్ళు మలుపు తిరిగి వెళ్ళిపోతుంటే ఆపాలని నోటిదాకా వచ్చింది, సిగ్గేసి ఊరుకున్నాను.

చివరి కొట్టు దగ్గరికొచ్చేసరికి, అప్పటిదాకా మలుపులో ఆగి ఉన్న ఫ్యాక్టరీ లారీ ముందుకొచ్చింది. అమ్మ దిగింది. నేనే కబురుపెట్టాను, చూడాల్సిన మనిషి కదా అని. మావయ్య చొక్కా చెమటతో తడిసిపోయింది. గొంతు బొంగురుపోయింది. అమ్మని చూడగానే ఆయన మొహం వెలిగింది. రెండు చేతులూ చాపి ముందుకొచ్చాడు.

“సెల్లీ...”

అమ్మ అరచెయ్యి అడ్డంపెట్టింది.

“నాకు సెప్పకన్నా.”

మావయ్య ఆగిపోయాడు.

“ఇందరికి సెప్పినావు. దూరాన్నించి సూసినాను. సాలు. నాకు మాత్రం సెప్పకు.”

“ఇంకా కోపమేనేటే?”

“కోపం గాదు. నివ్వు తప్పంటావు, నాను పోన్లే అంటాను. పోన్లే అన్నాక రేపు తెల్లారగట్ట నన్ను లేపీదెవులు? ఆళ్ళని సూసినావు గదా, ఎలగ ఎల్లిపోనారో. నా ఎనకాల రెండొందలమంది ఆడోళ్ళున్నారు. ఆళ్ళకి జీతం ఇచ్చీది నాను గాదన్నా. నీ నవ్వే.”

మావయ్య చేతులు అలాగే చాచి ఉండిపోయాయి. అమ్మ ఆ చేతుల వంక చాలాసేపు చూసింది. పట్టుకుంటుందనుకున్నాను. పట్టుకోలేదు. “కొట్టు సూసుకో. ఎండలో తిరక్కు,” అని లారీ ఎక్కేసింది.

ఆ రోజు అవమానంతో పాటు చంకలో నేనూ ఉన్నాను. అది వదిలేస్తే నన్నూ వదిలేసినట్టవుతుందని భయపడిందా? లేక నిజంగానే ఆ రెండొందలమంది కోసమేనా? లేక పంతం ఇంకా కాస్త పచ్చిగానే ఉందా?

“అమ్మీ,” అన్నాడు మావయ్య చేతులు దించుకుంటూ. “ఇది నన్ను సెమించినట్టా, సెమించనట్టా?”

“తెలీదు మావయ్యా,” అన్నాను. ఆయన్ని కొట్టుదాకా నడిపించి మంచినీళ్ళిచ్చాను.

సాయంత్రం ఫ్యాక్టరీకి వెళ్ళేసరికి అమ్మ పురి యంత్రం దగ్గర నిలబడి, తాడు వదులైందని ఎవరినో కేకలేస్తోంది. దేశమంతటికీ సొంతంగా మొదలెట్టిన వ్యాపారి ఆ పూటకి మళ్ళీ ఆవిడొక్కతే.